అతివృష్టి వేసవి: 2009లో టమాటా తోటలకు వచ్చిన ముప్పు

పంటకు వచ్చే కష్టాలను మన పూర్వులు ఆరింటిగా లెక్కించి, వాటికి ఈతిబాధలని పేరు పెట్టారు. అతివృష్టి, అనావృష్టి, మిడతలు, ఎలుకలు, చిలుకలు, పొరుగు రాజుల దండయాత్ర అన్నవి ఆ ఆరు. తెలుగునాట పుట్టి పెరిగినవారికి వీటిలో అనావృష్టిని గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. వాన కోసం ఆకాశం వంక చూడడమే మన రైతుల జీవితంలో సగం. కాని అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో రెండెకరాలో అయిదెకరాలో కూరగాయలు పండించి, వారానికొకసారి ఊరి సంతలో అమ్ముకొని బతికే చిన్న రైతును అడిగితే, వాన రాని వేసవి కంటే వాన విడవని వేసవికే ఎక్కువ భయపడతానంటాడు. ఎండలు కాస్తే బావి నుంచో చెరువు నుంచో నీరు తోడి పోయవచ్చును. కురిసే వానను ఆపే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

ఇందుకు చక్కని నిదర్శనం 2009 వేసవి. ఆ సంవత్సరం మెయిన్ నుంచి ఒహాయో దాకా టమాటా తోటలు వారాల వ్యవధిలో మాడి నల్లబడ్డాయి. అయితే ఆ నష్టానికి కారణం వాన ఒక్కటే కాదు. వాన ఒక తెగులుకు దారి చూపింది. ఆ తెగులు రైతుల పొలాలకు అనేకచోట్ల ఇళ్ళ పెరటి తోటల నుంచే చేరింది. పెరట్లో నాలుగు టమాటా మొక్కలూ నాలుగు వంగ మొక్కలూ వేసుకొనే తెలుగు కుటుంబాలు అమెరికాలో వేలకొలది ఉన్నవి గనుక, ఆ వేసవిలో ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో తెలుసుకోవడం మనకూ అవసరమే.

ముసురు పట్టిన జూన్

2009 జూన్‌లో ఈశాన్య రాష్ట్రాలలో ముసురు పట్టినట్లు వానలు కురిశాయి. న్యూయార్క్ నగరంలోని సెంట్రల్ పార్కులో ఆ ఒక్క నెలలోనే 10 అంగుళాల వాన నమోదయింది. మామూలు జూన్‌లో అక్కడ కురిసేది సుమారు 4 అంగుళాలే. జులై వచ్చినా వేడి పుంజుకోలేదు. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, అయోవా, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాలలో అప్పటికి నమోదైన జులై నెలలన్నిటిలోకీ అదే చల్లనిది.

ఆ సంవత్సరానికి మరొక విశేషం కూడ ఉన్నది. 2007 చివర మొదలైన ఆర్థిక మాంద్యం వలన ఇంటి ఖర్చులు తగ్గించుకోవాలన్న ఆలోచన దేశమంతటా వ్యాపించింది. 2009 మార్చి 20న అధ్యక్షుని సతీమణి మిషెల్ ఒబామా శ్వేతసౌధం ఆవరణలో కూరగాయల తోటకు శ్రీకారం చుట్టారు. ఆ ఏడాది 4 కోట్ల 30 లక్షల కుటుంబాలు ఇంటివద్ద కూరగాయలో పండ్లో పండించబోతున్నాయని జాతీయ తోటపని సంఘం అంచనా వేసింది. అంతకు ముందు సంవత్సరం కంటే అది 19 శాతం ఎక్కువ. వీరిలో చాలామంది కొత్తవారు. విత్తనం నాటి నారు పెంచుకొనే ఓపిక లేక, పెద్ద పెద్ద దుకాణాలలో కుండీలలో అమ్మే టమాటా నారును కొని నాటారు.

జూన్ నెలాఖరుకు ఆ దుకాణాలలోని నారు మీదనే తెగులు మచ్చలు కనిపించాయి. అనేక రాష్ట్రాలలో ఒకేసారి కనిపించడంతో కార్నెల్ తదితర విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు నిర్ఘాంతపోయారు. మామూలుగా ఈ తెగులు ఈ ప్రాంతానికి వేసవి చివరలో, అదీ అక్కడక్కడా మాత్రమే వచ్చేది. అందుకే దానికి లేట్ బ్లైట్, అనగా ఆలస్యంగా వచ్చే మాడు తెగులు, అని పేరు. 2009లో అది రెండు నెలలు ముందుగా, వందలాది చోట్లకు ఒకేసారి, లారీలెక్కి వచ్చింది.

నీరు ఎక్కువైతే మొక్కకు ఏమవుతుంది?

తెగులు సంగతికి వెళ్ళేముందు, వట్టి వాన ఒక కూరతోటను ఎన్ని విధాల బాధిస్తుందో చూడడం మంచిది.

మొక్క వేళ్ళకు నీరు ఎంత అవసరమో ప్రాణవాయువు కూడ అంతే అవసరం. మట్టిరేణువుల నడుమ ఉండే సందులలో మామూలుగా కొంత గాలి, కొంత నీరు ఉంటాయి. ఎడతెరిపి లేని వానలో ఆ సందులన్నీ నీటితో నిండిపోతాయి. గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో ప్రాణవాయువు సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందువలన వేళ్ళకు ఊపిరాడదు. నీళ్ళలో నిలబడి కూడ మొక్క వాడిపోయినట్లు వేలాడడానికి కారణం ఇదే. ఊపిరాడని వేరు నీటిని పైకి తోడలేదు.

రెండవది నత్రజని నష్టం. మొక్కలు ఎక్కువగా తీసుకొనే నత్రజని నైట్రేట్ రూపంలో ఉంటుంది. నైట్రేట్ అయానుకు ఋణావేశం ఉన్నది. బంకమట్టి రేణువుల ఉపరితలానికీ ఋణావేశమే. కనుక మట్టి దానిని పట్టి ఉంచలేదు. వాన నీటితోపాటు అది వేళ్ళకు అందనంత లోతుకు జారిపోతుంది. మిగిలినదానిలో కొంత భాగాన్ని, గాలి ఆడని మట్టిలో బతికే బాక్టీరియా నత్రజని వాయువుగా మార్చి ఆకాశంలోకి వదులుతాయి. ఎరువు వేసిన నెలకే ఆకులు పసుపు పచ్చబడడం అందువలననే.

మూడవది కాయల పగులు. పండబోతున్న టమాటాలో చక్కెరలుంటాయి. ద్రవాభిసరణ వలన నీరు కాయలోనికి వేగంగా చేరితే, ఆ వేగానికి తగినట్లు పైతోలు సాగలేక చిట్లుతుంది. చిట్లని కాయలు కూడ చప్పబడతాయి. మబ్బు పట్టిన రోజులలో ఆకులు చక్కెర తయారుచేయడమూ తగ్గుతుంది. తేనెటీగలు పట్టులు వదలి బయటకు రావు గనుక గుమ్మడి, దోస వంటి తీగలకు పిందె నిలవదు. బెండ, గోంగూర వంటి మన మొక్కలు వేడిని కోరేవి. చల్లని వానలో అవి చావవు గాని ఎదగవు కూడ.

ఇవన్నీ రైతు భరించగల కష్టాలే. మళ్ళీ ఎరువు వేయవచ్చును, కాలువ తీయవచ్చును, పగిలిన కాయలను పులుసుకు పనికివచ్చేవిగా చవకగా అమ్మవచ్చును. తోటను తోటగా మిగల్చనిది లేట్ బ్లైట్.

బూజు వంటిదే, కాని బూజు కాదు

ఈ తెగులుకు కారణమైన సూక్ష్మజీవి పేరు ఫైటాఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్. గ్రీకు భాషలో ఫైటాఫ్తొరా అంటే మొక్కలను నాశనం చేసేది అని అర్థం. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ 1876లో ఈ పేరు పెట్టాడు. చూపులకు ఇది బూజులా ఉంటుంది గనుక చాలాకాలం శిలీంధ్రమనే భావించారు. కాని నిజమైన శిలీంధ్రాల కణకవచంలో ఉండేది ప్రధానంగా కైటిన్. దీని కణకవచంలో సెల్యులోజు ఉన్నది. వంశవృక్షంలో ఇది పుట్టగొడుగుల కంటే సముద్రపు గోధుమరంగు నాచులకు దగ్గర చుట్టం. నీటితో దానికి గల బంధానికి ఈ చుట్టరికమే మూలం.

దాని జీవితచక్రాన్ని పరిశీలిస్తే వానల వేసవి దానికి ఎంత అనుకూలమో అర్థమవుతుంది. సోకిన ఆకు అడుగున తెల్లని నూగు కనిపిస్తుంది. ఆ నూగులో నిమ్మకాయ ఆకారంలో ఉండే సూక్ష్మమైన సంచులు వేలకొలది వేలాడుతుంటాయి. గాలి వీచగానే అవి ఊడి ఎగిరిపోతాయి. ఎండ కాస్తే కొద్ది గంటలలోనే చస్తాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలూ, పొడిగాలీ వాటికి గిట్టవు. ఆకాశం మబ్బుగా ఉంటే మాత్రం బతికుండి, మైళ్ళ దూరం ప్రయాణం చేసి, మరొక తోటలో తడి ఆకుమీద దిగుతాయి.

అక్కడ ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువగా ఉంటే, ఒక్కొక్క సంచి పగిలి అందులోనుంచి ఎనిమిది దాకా సిద్ధబీజాలు వెలువడతాయి. ఒక్కొక్కదానికి రెండేసి కశాభాలుంటాయి. వాటితో అవి ఆకు మీది నీటిపొరలో ఈదుకుంటూ పోయి ఆకులోకి చొరబడతాయి. ఇంకొంచెం వెచ్చగా ఉంటే సంచి పగలకుండా తానే నేరుగా మొలకెత్తుతుంది. ఆకు పది పన్నెండు గంటలు తడిగా ఉంటే చాలు, దాని పని పూర్తవుతుంది. అటుపైన అయిదు నుంచి ఏడు రోజులలో కొత్త మచ్చ ఏర్పడి, దానిమీద మళ్ళీ వేలకొలది సంచులు తయారవుతాయి. ఒకటి వేయిగా, వేయి పది లక్షలుగా పెరిగే ఈ లెక్కలో రైతుకు దొరికే వ్యవధి ఒక వారమే. 86 డిగ్రీలు దాటిన ఎండలు దాని వేగానికి కళ్ళెం వేస్తాయి. 2009లో ఆ ఎండలే కరవైనాయి.

ఆ ఏడాది వ్యాపించిన రకాన్ని శాస్త్రజ్ఞులు యుఎస్-22 అని గుర్తించారు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్రై, మార్గరెట్ మెక్‌గ్రాత్ ప్రభృతులు దానిని అధ్యయనం చేశారు. తూర్పు రాష్ట్రాలలోని నమూనాలలో అత్యధిక భాగం ఆ ఒక్క వంశానికే చెందడం గమనించదగినది. ఎక్కడికక్కడ పుట్టిన తెగుళ్ళయితే వంశాలు వేరువేరుగా ఉండాలి. ఒకే తీరున పెంచిన నారు దుకాణాల ద్వారా దూరదూరాలకు చేరడం ఈ వ్యాప్తికి ముఖ్యకారణమని వారు నిర్ణయించారు.

ఐర్లండు పొలాలు, గోదావరి తాటితోపులు

ఈ తెగులు అమెరికాకు కొత్తది కాదు. 1843లో ఫిలడెల్ఫియా, న్యూయార్కు పరిసరాల బంగాళాదుంప పొలాలలో ఇది మొదట గుర్తింపబడింది. రెండేళ్ళకు అట్లాంటిక్ దాటి 1845లో ఐరోపా చేరింది. ఐర్లండులో పేదల భోజనమంతా బంగాళాదుంపే. ఆకులమీది సంచులు వానకు నేలలోకి దిగి దుంపలను కూడ కుళ్ళబెట్టాయి. ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలో సుమారు పది లక్షలమంది ఆకలితో, రోగాలతో మరణించారు. అంతకు తక్కువ కానంతమంది దేశం విడిచిపోయారు. పాలకుల నిర్లక్ష్యం ఆ కరవును ఎంతో పెంచిన మాట నిజమే గాని, మొదటి దెబ్బ కొట్టినది ఈ సూక్ష్మజీవే.

దీని జాతికే చెందిన మరొకటి తెలుగుగడ్డ మీద కూడ చరిత్ర సృష్టించింది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వుకుళ్ళు తెగులుతో వేలకొలది చనిపోసాగాయి. కొబ్బరికీ సోకింది. పూసా పరిశోధనాలయంలో పనిచేస్తున్న ఎడ్విన్ జాన్ బట్లర్ ఆ చెట్లను పరీక్షించి, 1907లో కారణమైన జీవిని వర్ణించాడు. దానికే తరువాత ఫైటాఫ్తొరా పామివోరా అన్న పేరు స్థిరపడింది. తాటాకు కప్పు, తాటికల్లు, ముంజెలు, తాటిబెల్లం జీవనాధారమైన కుటుంబాలకు అది చిన్న దెబ్బ కాదు. మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా సిబ్బందిని నియమించి, తెగులు సోకిన చెట్ల తలలు నరికించి కాల్పించింది. ఒకరి చెట్టును వదిలేస్తే పదిమంది చెట్లు పోతాయన్నది అప్పటి సూత్రం. వందేళ్ళ తరువాత 2009లో అమెరికాలోని వ్యవసాయ సలహా కేంద్రాలు పెరటి తోటలవారికి చెప్పినదీ అదే: సోకిన మొక్కను పీకండి, సంచిలో మూటకట్టి పారవేయండి.

మైలుతుత్తమూ సున్నమూ

ఈ జాతి తెగుళ్ళకు తొలి మందు యాదృచ్ఛికంగా దొరికింది. 1882లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో ప్రాంతంలో ద్రాక్షతోటలు ఇటువంటి బూజు తెగులుతోనే ఆకులు రాల్చాయి. వృక్షశాస్త్రజ్ఞుడు మిలార్డే అటువైపు వెళ్తూ, బాట పక్కనున్న తీగలు మాత్రం పచ్చగా ఉండడం గమనించాడు. దారినపోయేవారు పండ్లు కోయకుండా ఉండేందుకు తోటవారు ఆ తీగలమీద మైలుతుత్తమూ సున్నమూ కలిపి చల్లారు. ఆ నీలిరంగు చూసి విషమనుకొని ఎవరూ ముట్టరని వారి ఉపాయం. మిలార్డే ప్రయోగాలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. ఆంధ్రదేశంలో పొగాకు, తమలపాకు, కొబ్బరి రైతులకు చిరకాలంగా పరిచితమైన మందు.

ఇందులోని రసాయన సూత్రం సులభమైనది. మైలుతుత్తం, అనగా కాపర్ సల్ఫేట్, నీటిలో పూర్తిగా కరుగుతుంది. దానిని ఒంటరిగా చల్లితే రాగి అయానులు ఒక్కసారిగా ఆకును కూడ మాడ్చివేస్తాయి. సున్నం కలిపితే రాగి, కరగని క్షారలవణంగా మారి ఆకుకు పూతలా అంటుకొంటుంది. ఆ పూతనుంచి మంచునీటిలోకీ వాననీటిలోకీ రాగి అయానులు కొద్దికొద్దిగా మాత్రమే విడుదలవుతాయి. ఆకుమీద వాలిన సిద్ధబీజం వాటిని పీల్చుకొన్నప్పుడు, దాని ఎంజైములలోని గంధకం ఉన్న భాగాలకు అవి అంటుకొని పనిచేయకుండా చేస్తాయి.

ఈ వివరణలోనే ఆ మందుకున్న పరిమితి కూడ ఇమిడి ఉన్నది. రాగి ఆకు పైనే ఉంటుంది, లోపలికి పోదు. కనుక అది కాపుదలే గాని చికిత్స కాదు. తెగులు ఒకసారి లోపలికి చొరబడితే ఎంత చల్లినా ప్రయోజనం లేదు. పైగా పెద్ద వాన కురిసిన ప్రతిసారీ పూత కడుక్కుపోయి మళ్ళీ చల్లవలసి వస్తుంది. సేంద్రియ వ్యవసాయదారులకు అమెరికా నిబంధనలు అనుమతించిన కొద్ది మందులలో రాగి ఒకటి. అయితే అది నేలలో పేరుకొనకుండా చూడాలన్న షరతు ఉన్నది. రాగి మూలకం గనుక విచ్ఛిన్నం కాదు. ఏటేటా చల్లినది మట్టిలోనే మిగిలి వానపాములకు హాని చేస్తుంది. ఐరోపా సమాజం 2019 నుంచి ఏడేళ్ళకు హెక్టారుకు 28 కిలోలకు మించరాదని పరిమితి విధించింది.

సాధారణ పద్ధతిలో పండించేవారికి వేరే మందులున్నవి. మెటలాక్సిల్ వర్గానికి చెందినవి ఆకులోపలికి వెళ్ళి, ఆ జీవి తన రైబోసోములకు కావలసిన ఆర్‌ఎన్‌ఏను తయారుచేసుకోకుండా అడ్డుకొంటాయి. 1990లలో వ్యాపించిన యుఎస్-8 అనే వంశం వాటికి లొంగకుండా పోయింది. ఒకే తాళంచెవిని నమ్ముకొంటే తాళం మారడానికి ఎక్కువకాలం పట్టదని శాస్త్రజ్ఞులకు మరోసారి తెలిసివచ్చింది.

చిన్న రైతు లెక్క

పెద్ద క్షేత్రాలలో వేల ఎకరాలు సాగుచేసే వ్యాపార సంస్థకు ఒక పంట పోతే అది ఆ సంవత్సరపు పద్దులలో ఒక అంకె. చిన్న కూరతోట రైతు పరిస్థితి వేరు. అతని పొలంలో ముప్ఫై నలభై రకాల కూరలుండవచ్చును. కాని సంతకు వచ్చేవారు మొదట వెతికేది ఆగస్టులో చెట్టుమీద పండిన టమాటా కోసమే. ఆకుకూరలు, ముల్లంగి వంటివి ఖర్చులకు సరిపోతే, టమాటా మిగులు చూపే పంట. దానికి పెట్టుబడి మార్చినుంచే మొదలవుతుంది. నారు పెంచాలి, కర్రలు పాతి కట్టాలి, పిలకలు తుంచాలి. జులై చివరకు చెట్టునిండా పచ్చికాయలుంటాయి గాని చేతికి ఒక్క డాలరైనా వచ్చి ఉండదు. తెగులు సరిగ్గా ఆ సమయంలో వచ్చింది.

న్యూయార్కుకు ఉత్తరంగా పోకాంటికో హిల్స్‌లోని స్టోన్ బార్న్స్ క్షేత్రంలో బయటి పొలంలోని టమాటాలలో సగానికి పైగా మూడు రోజులలో పోయాయని, అక్కడి భోజనశాలను నడిపే డాన్ బార్బర్ ఆ ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్రాశాడు. చాలామంది రైతులు తామే తమ చేతులతో సాళ్ళకు సాళ్ళు పీకివేశారు. పంట ఎలాగూ దక్కదని తెలిసిన తరువాత, పొరుగువారి పంటనైనా కాపాడాలంటే వేరే మార్గం లేదు.

ఈ కష్టానికి కొంత ఆదరువుగా నిలిచినది ఒక కొత్త తరహా ఏర్పాటు. 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ క్షేత్రం ఒక పద్ధతిని ప్రారంభించాయి. ఊరివారు వసంతంలోనే చందా కట్టి రైతుకు పెట్టుబడి సమకూరుస్తారు. ప్రతిఫలంగా వారం వారం పంటలో వాటా అందుకొంటారు. పంట బాగా పండితే బుట్ట నిండుతుంది, పోతే బుట్ట వెలితిగా వస్తుంది. లాభనష్టాలు ఇద్దరివీ. కలిసివచ్చిన ఏడాది వాటాదారు కావడం సులభమే. 2009 వంటి ఏడాదిలో టమాటాలు లేని బుట్టను అందుకొని, మరుసటి సంవత్సరం కూడ చందా కట్టినవారే ఆ ఏర్పాటును నిలబెట్టారు.

ఆ తరువాత వచ్చిన మార్పులు

ఆ వేసవిలో స్టోన్ బార్న్స్‌లో ఒక సాలు మాత్రం పచ్చగా నిలిచింది. అది మౌంటెన్ మ్యాజిక్ అనే కొత్త రకం, ప్రయోగార్థం నాటినది. ఎర్రని చిన్న కాయలు కాసే అడవి టమాటా జాతినుంచి సంకరం ద్వారా తెచ్చిన నిరోధక జన్యువులు దానిలో ఉన్నవి. అప్పటినుంచి డిఫయంట్, ఐరన్ లేడీ, ప్లమ్ రీగల్ వంటి నిరోధక రకాలు విత్తనాల జాబితాలలో ప్రముఖ స్థానం సంపాదించుకొన్నాయి.

అయితే ఈ నిరోధం శాశ్వతమని అనుకోరాదు. యాదృచ్ఛికంగా ఆ 2009 సెప్టెంబరులోనే ఫైటాఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్ జన్యుసంపుటిని సంపూర్ణంగా చదివి ప్రకటించారు. 24 కోట్ల అక్షరాల ఆ గ్రంథంలో దాదాపు మూడువంతులు పదే పదే తిరగవ్రాసినట్లుండే భాగాలు. మొక్క రక్షణను ఛేదించే ప్రోటీన్ల జన్యువులు సరిగ్గా ఆ భాగాల నడుమనే ఉన్నవి. అక్కడ మార్పులు వేగంగా జరుగుతాయి గనుక, ఈనాడు నిరోధించే మొక్కను రేపు జయించగల శక్తి దానికి ఉన్నది. అందువలన రెండు మూడు జన్యువులను ఒకే రకంలో కలపడం మీద పరిశోధకులు దృష్టి పెట్టారు.

మరొక మార్గం ఆకును తడవనీయకుండా చూడడం. వంచిన ఇనుప గొట్టాలమీద ప్లాస్టిక్ పొర కప్పి వేసే ఎత్తైన పందిళ్ళలో మొక్కలు నేలలోనే పెరుగుతాయి. నీరు మాత్రం వేళ్ళవద్ద బొట్టుబొట్టుగా అందుతుంది. ఆకు పొడిగా ఉంటే ఈదే సిద్ధబీజానికి ఈదడానికి నీరే ఉండదు. ఇటువంటి పందిళ్ళకు సహాయమిచ్చే మూడేళ్ళ ప్రయోగాత్మక పథకాన్ని అమెరికా వ్యవసాయ శాఖ 2009 డిసెంబరులో ప్రకటించింది. ఈశాన్య రాష్ట్రాల చిన్న క్షేత్రాలలో అవి ఈనాడు సర్వసాధారణ దృశ్యం.

ఈ ఏర్పాట్లన్నిటికీ ముందుముందు అవసరం పెరిగేదే గాని తగ్గేది కాదు. గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 2023లో వెలువడిన అయిదవ జాతీయ వాతావరణ నివేదిక ప్రకారం, 1958 నుంచి ఈశాన్య రాష్ట్రాలలో అత్యధిక వాన పడే రోజులలో కురిసే నీరు సుమారు 60 శాతం పెరిగింది. దేశంలో మరే ప్రాంతంలోనూ ఇంత పెరుగుదల లేదు. 2023 జులై 10, 11 తేదీల వానలకు వెర్మాంట్‌లో వినూస్కీ నది పొంగి, బర్లింగ్టన్ నగరం అంచున ఇంటర్వేల్ లోతట్టు భూములలోని కూరతోటలను ముంచింది. కాయ చెక్కుచెదరకపోయినా, వరదనీరు తాకినదానిని ఆహారంగా అమ్మరాదని ప్రభుత్వ నియమం. మురుగు, నూనెలు, రోగక్రిములు ఆ నీటిలో కలిసి ఉంటాయి గనుక ఆ నియమం న్యాయమైనదే. సరిగ్గా ఏడాదికి, 2024 జులైలో అవే తేదీలలో వెర్మాంట్ మళ్ళీ వరద పాలయింది.

పెరటి తోటవారు చేయగలిగినది

టమాటా, బంగాళాదుంప, వంగ, మిరప ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. లేట్ బ్లైట్ ముఖ్యంగా మొదటి రెండింటినే పట్టుకొంటుంది. వంగకు సోకడం అరుదు, మిరపకు భయం లేదు. గోంగూర, తోటకూర, బెండ, ఆనప ఈ కుటుంబంలోనివి కావు గనుక వాటికి సోకదు.

టమాటా నారు కొనేటప్పుడు ఆకులను తిప్పి చూడాలి. నీటిలో నానినట్లున్న ముదురు మచ్చలు, వాటి చుట్టూ లేత పచ్చని అంచు, కాండంమీద గోధుమరంగు చారలు కనిపిస్తే ఆ మొక్కను ఇంటికి తేరాదు. మొక్కకూ మొక్కకూ మధ్య గాలి ఆడేటట్లు ఎడం ఉంచి, సాయంత్రం వేళ ఆకులమీద నీరు చల్లడం మాని, మొదట్లోనే పోయాలి. ఈ సూక్ష్మజీవి గడ్డకట్టే చలిలో బతకాలంటే సాధారణంగా సజీవమైన కణజాలం ఉండాలి. నేలలో మిగిలిపోయిన బంగాళాదుంపే దానికి శీతాకాలపు విడిది. అందుచేత వసంతంలో వాటంతటవి మొలిచిన బంగాళాదుంప మొక్కలను పీకివేయాలి. నాటేందుకు వంటింటి దుంపలు గాక, ధ్రువీకరించిన విత్తనపు దుంపలనే వాడాలి. టమాటా విత్తనం ద్వారా మాత్రం ఈ తెగులు రాదు. స్వదేశీయ రకాల విత్తనం దాచుకొనేవారు నిశ్చింతగా దాచుకోవచ్చును.

తెగులు కనిపిస్తే పొడిగా ఎండ కాసే వేళ మొక్కను వేళ్ళతో సహా పీకి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, కొన్నాళ్ళు ఎండలో ఉంచి చెత్తలో వేయాలి. మచ్చలేని పచ్చికాయలను కోసుకొని వెంటనే పచ్చడి చేసుకోవచ్చును. కాని తెగులు పట్టిన కాయలతో నిల్వ పచ్చళ్ళు పెట్టడం, సీసాలలో భద్రపరచడం మంచిది కాదు. తెగులు వలన కాయలోని పులుపు తగ్గి, నిల్వలో హానికరమైన బాక్టీరియా పెరిగే ప్రమాదమున్నది. అనుమానం వచ్చినప్పుడు సహాయపడేందుకు 1914 చట్టం ద్వారా ఏర్పడిన వ్యవసాయ సలహా వ్యవస్థ దాదాపు ప్రతి కౌంటీకీ అందుబాటులో ఉన్నది. ఆకును సంచిలో పెట్టి తీసుకువెళితే అక్కడివారు పరీక్షించే మార్గం చెబుతారు.

పెరట్లోని నాలుగు టమాటా మొక్కలు పోతే ఒక కుటుంబానికి పోయేది నాలుగు పూటల పచ్చడి. ఆ మొక్కలను "పోనీలే, పండినన్ని పండుతాయి" అని అలాగే వదిలేస్తే, వాటిమీద తయారైన బీజాలు మబ్బు పట్టిన ఒక రాత్రి గాలికి ఎగిరి, మూడు మైళ్ళ అవతల శనివారం సంతలో మనకు వంకాయలూ బీరకాయలూ అమ్మే రైతు సంవత్సరపు కష్టాన్ని మాడ్చివేయగలవు. పొరుగు రాజుల దండయాత్రను ఈతిబాధలలో చేర్చిన పెద్దలకు ఈ సూక్ష్మజీవి సంగతి తెలియదు గాని, పంటకు పొరుగు ఎంత ముఖ్యమో బాగా తెలుసు. వాన మన చేతిలో లేదు. పెరటి మొక్క మన చేతిలోనే ఉన్నది. వచ్చే జూన్‌లో ముసురు పట్టినప్పుడు, ఉదయం కాఫీ త్రాగుతూ ఒకసారి పెరట్లోకి వెళ్ళి ఆకులు తిప్పి చూడడం ప్రతి తోటమాలి చేయదగిన చిన్న పని.